అత్తయ్య ఇచ్చిన కిడ్నీ

సంచీలో దుప్పటి పెట్టాలా వద్దా అన్న దగ్గర మొదలైన మాట, మాత్రల దగ్గరికి వచ్చేసరికి ముదిరింది.

ఆస్పత్రినుంచి ఫోను వచ్చి ఎంతోసేపు కాలేదు. కోడలి రక్తపరీక్ష బాగాలేదనీ, ఉన్నపళాన తీసుకొచ్చి చేర్పించమనీ చెప్పారు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మనిషి. పనిలోంచి అలాగే పరుగెత్తుకొచ్చాడు. గ్రీజు చేతులతోనే అలమరలోంచి బట్టలు లాగి సంచీలో కుక్కుతున్నాడు.

కోడలు మంచం అంచున కూర్చుని చెప్పులు తొడుక్కోబోయింది. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టలేదు. మళ్ళీ ప్రయత్నించకుండా వాటిని పక్కకు నెట్టేసింది.

"ఇవేంటి?" అన్నాడు కొడుకు. మాత్రల డబ్బా అతని చేతిలో ఉంది. "ఈ షీట్లు ఒక్కటీ చింపలేదే."

కోడలు కొంగు భుజం మీదికి లాక్కుంది.

"నిన్నే అడుగుతున్నాను."

"వినబడింది."

"వినబడితే చెప్పు. ఎన్నాళ్ళనుంచి వేసుకోవట్లేదు?"

"కొన్నాళ్ళనుంచి." అంది. "మిగతావన్నీ వేసుకుంటున్నాను. ఇదొక్కటే మానేశాను."

"ఒక్కటేనట. లిఫ్టుకి అన్నీ బాగానే ఉన్నాయి, తాడొక్కటే కోశాను అన్నట్టుంది. పెట్టిన కిడ్నీని ఒంట్లో నిలబెట్టేది ఆ మాత్రలే కదా. నీకు తెలీదా? ఆస్పత్రిలో చిలక్కి చెప్పినట్టు చెప్పలేదా?"

"చెప్పారు."

"మరి మా అమ్మ కడుపు కోయించుకుంది ఎందుకు? నువ్వు మాత్రలు డబ్బాలో దాచుకోవడానికా?"

అత్తగారు అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. పుస్తకాలు కుట్టి, అట్టలు వేసే పని ఆవిడది. వీధిలో అందరూ బైండరమ్మ అంటారు. రెండేళ్ళ కిందట తన రెండు మూత్రపిండాల్లో ఒకటి ఈ కోడలికిచ్చింది. ఆ మాట ఎక్కడ వచ్చినా పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోవడం ఆవిడకు అలవాటు. ఇవాళ వెళ్ళలేదు.

"నన్ను మధ్యలోకి లాగకురా," అంది.

"లాగకుండా ఎలా? నీదే కదా అది."

"ఏది?"

"కిడ్నీ."

"నాది నా దగ్గరే ఉంది. అది దానిది."

కోడలు తలెత్తి అత్తగారివైపు చూసింది.

"ఎందుకు మానేశావో అదైనా చెప్పు," అన్నాడతను.

"డాక్టరుగారికి చెప్తాను."

"నాకు చెప్పవా?"

"నీకు చెప్పను."

బైండరమ్మ లోపలికి వచ్చి కొడుకు చేతిలోని సంచీ తీసుకుంది. గ్రీజంటిన బట్టలు తీసి పక్కన పెట్టి, ఉతికినవి సర్దింది. తన చెప్పులు విప్పి కోడలి పాదాల ముందు పెట్టింది. అవి పాతబడి సాగిపోయినవి కాబట్టి పట్టాయి.

కారు పిలిపించుకుని ముగ్గురూ బయల్దేరారు. కోడలు కిటికీకి తల ఆనించి, కుడి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుంది. కొత్త కిడ్నీ ఉన్నది అక్కడే. చాలామంది పాతవి తీసేసి ఆ చోట పెడతారనుకుంటారు. పాతవి ఎండిపోయినవి ఎండిపోయినట్టే వీపువైపు ఉంటాయి. కొత్తదాన్ని ముందు, తొడ మొదలుకు కాస్త పైన పెట్టి అక్కడి రక్తనాళాలకు కుడతారు. ఆ సంగతి తెలిసిన రోజున కోడలు ఆస్పత్రి మంచం మీదే నవ్వింది. "నాకు మూడు, మీకొకటి. మూడు కిడ్నీల మహారాణిని అత్తయ్యా నేను. ఇంక నాతో జాగ్రత్త" అంది.

బైండరమ్మకు అప్పుడు పక్క గది ఇచ్చారు. ఆవిడ పొట్టకు చిన్న చిన్న కన్నాలు పెట్టి, కెమెరా దింపి, కింద జానెడు కూడా లేని కోతలోంచి కిడ్నీ బయటికి తీశారు. కోత కంటే భుజం నొప్పి ఎక్కువ బాధపెట్టింది. ఆపరేషనుకోసం పొట్టలోకి ఎక్కించిన గాలి భుజంలో సలుపుతుందని నర్సు చెప్పింది. దగ్గొస్తే పొట్టకు తలగడ అదిమి పట్టుకుని దగ్గేది. నాలుగో నాటికి ఇంటికి పంపారు. కొన్ని వారాలు కాగితాల కట్టలు ఎత్తొద్దన్నారు. ఎత్తలేదు. మిగిలిన కిడ్నీ కాస్త పెరిగి రెండోదాని పని కూడా చూసుకుంటుందన్నారు. చూసుకుంటోంది.

అంతకుముందు కోడలు వారానికి మూడు రోజులు డయాలసిస్ కుర్చీలో పడి ఉండేది. రక్తం బయటికి పోయి, శుభ్రపడి, మళ్ళీ లోపలికి వచ్చేదాకా దాహంతో పెదాలు తడుపుకుంటూ గడిపేది. ఆపరేషనయ్యాక తొలిసారి చెంబెడు నీళ్ళు ఎత్తి పట్టి తాగింది. మూడు నెలలకు కళ్ళద్దాల కొట్టులో తన పాత ఉద్యోగానికి కూడా వెళ్ళింది.

అంత బాగుపడిన మనిషి ఇలా ఎందుకు చేసిందో బైండరమ్మకు అంతుపట్టలేదు.

ఆస్పత్రిలో ముందు రక్తం తీశారు. స్కాను తీశారు. తరువాత పొత్తికడుపు దగ్గర మత్తిచ్చి, సూదితో కిడ్నీలోంచి దారప్పోగంత ముక్క తీసి పరీక్షకు పంపారు. సాయంత్రం కిడ్నీ డాక్టరమ్మ ముగ్గుర్నీ తన గదిలో కూర్చోబెట్టింది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు.

"ఒళ్ళు కిడ్నీని పరాయిదని గుర్తుపట్టి దానిమీద దాడి చేస్తోంది. మీరు మానేసిన మందు పని దాన్ని ఆపడమే. మందు ఎందుకు మానేశారో స్కాను చూశాక నాకర్థమైంది. మీరే చెప్తారా?"

కోడలు చీర చెంగు వేలికి చుట్టుకుంది.

"నెల తప్పింది. ఆ మాత్ర కడుపులో బిడ్డకు మంచిది కాదని మందు చీటీ మీద చదివాను."

కొడుకు చటుక్కున భార్యవైపు తిరిగాడు.

"నిజమే, మంచిది కాదు," అంది డాక్టరమ్మ. "కానీ నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా? పిల్లలు కావాలంటే ఆ ఒక్క మందూ మార్చేదాన్ని. దాని బదులు ఇంకోటి ఉంది. అది ఒంటికి పడిందో లేదో కొన్ని వారాలు చూసుకుని, అప్పుడు సరేననేదాన్ని. కిడ్నీ మార్పిడి చేయించుకుని పిల్లల్ని కన్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు."

కోడలు అర్థం కానట్టు చూసింది.

"మీరే వద్దన్నారు కదండీ."

"నేనా?"

"ఈయన వచ్చి అడిగితే. జన్మలో వద్దన్నారట. వస్తే తీయించెయ్యాల్సిందేనన్నారట. అందుకే కదా నేను ఎవరికీ చెప్పలేదు."

డాక్టరమ్మ నెమ్మదిగా అతనివైపు తిరిగింది. "మీరు నన్నెప్పుడు అడిగారు?"

అతను బొటనవేలి గోటి కింది గ్రీజును రెండో గోటితో గీకుతూ కూర్చున్నాడు. బైండరమ్మ తన కొడుకును ముప్పై ఏళ్ళుగా చూస్తోంది. అబద్ధమాడి దొరికిపోయినప్పుడు వాడు గోళ్ళే చూసుకుంటాడు.

కోడలు అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఏడవలేదు. కుర్చీని కొంచెం పక్కకు, అత్తగారి వైపుకు జరుపుకుంది.

డాక్టరమ్మ మిగతా సంగతి చెప్పింది. స్టిరాయిడు మందు మూడు రోజులు నరంలోకి ఎక్కిస్తారు. దానివల్ల కడుపుకు పెద్ద ప్రమాదం లేదు. కిడ్నీ దారికొస్తే తల్లినీ బిడ్డనూ ఇద్దర్నీ కాపాడుకునే ప్రయత్నం చేయొచ్చు. "రాకపోతే అప్పుడు మాట్లాడుకుందాం," అంది. మాత్ర మానేసేలోపే కొన్ని వారాలు మందు పడింది కాబట్టి బిడ్డ చెవులు, పెదవి, గుండె సరిగా ఏర్పడకపోయే భయం కూడా ఉందని చెప్పింది. "అన్నీ బాగానే ఏర్పడనూ వచ్చు. ఇప్పుడే తెలీదు," అంది.

"గుండె కొట్టుకుంటోందా?" అడిగింది కోడలు.

"కొట్టుకుంటోంది."

"వినొచ్చా?"

వినిపించారు. కోడలు మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుంది. పక్కన నిలబడ్డ బైండరమ్మకు ఆ చప్పుడు కుట్టుమిషను వేగంగా తొక్కినట్టు వినబడింది. భర్తను మాత్రం తెర బయటే ఉండమంది కోడలు.

వరండాలో బైండరమ్మ కొడుకును పట్టుకుంది.

"ఎందుకురా?"

"భయమేసింది."

"భయమేస్తే డాక్టరు పేరు చెప్పి అబద్ధమాడతావా?"

"అది డయాలసిస్ కుర్చీలో ఎలా ఉండేదో నువ్వూ చూశావు కదమ్మా. మళ్ళీ చూడలేననిపించింది. పిల్లలు లేకపోతే ఏం పోయింది, మనిషుంటే చాలనుకున్నాను."

"నువ్వనుకున్నావు. అదనుకుందా?"

"నీ కోసం కూడా," అన్నాడతను. "ఇది పోతే ఇంకోటివ్వడానికి నీ దగ్గర లేదు. నువ్వు ఇస్తానంటావని కూడా తెలుసు నాకు."

బైండరమ్మ అతని చొక్కా కాలరు సరిచేసింది. "వెళ్ళి మొహం కడుక్కో," అంది. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు."

మర్నాడు వియ్యపురాలు వచ్చింది. ఆవిడకు షుగరు ఉండబట్టి అప్పట్లో కూతురికి కిడ్నీ ఇవ్వడానికి పనికిరాదన్నారు. అప్పటినుంచీ బైండరమ్మ ఎదుట ఆవిడ సరిగా కుర్చీలో కూర్చోదు. అంచున ఒదిగి ఉంటుంది. ఇప్పుడు వార్డు బయట బెంచీ మీద కూడా అలాగే కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"మీ మొహం ఎలా చూడాలి వదినా? మీరు ప్రాణం పోస్తే మా పిల్ల ఇలా కాలదన్నుకుంది."

"అలా అనకండి వదినా."

"నేను కాకపోతే ఎవరంటారు? కడుపొస్తుంది, పోతుంది. మీరిచ్చింది మళ్ళీ వస్తుందా?"

తలుపు తెరిచే ఉంది. లోపల కోడలు గోడవైపు తిరిగి పడుకుంది. సెలైను సీసాలోంచి మందు బొట్టు బొట్టుగా దిగుతోంది. విందో లేదో తెలియలేదు.

వియ్యపురాలు టీ తేవడానికి వెళ్ళాక బైండరమ్మ లోపలికి వచ్చి కూర్చుంది. నీళ్ళ గ్లాసు అందించబోయి, "పొద్దుట్నుంచి ఎన్ని తాగావు?" అంది అలవాటుగా.

కోడలు ఇటు తిరిగింది.

"రెండేళ్ళుగా రోజూ అదే అడుగుతున్నారు అత్తయ్యా."

"మంచికే కదమ్మా."

"మంచికే. ఉప్పెక్కువేసుకుంటే ఆయన చూస్తాడు. తుమ్మితే మా అమ్మ ఫోను చేస్తుంది. మీరు నీళ్ళడుగుతారు. మీరంతా నన్ను చూడరు, దాన్ని చూస్తారు. అద్దెకున్న ఇంటిని చూడ్డానికి ఓనరు వచ్చినట్టుంటుంది నాకు." ఆయాసం వచ్చి ఆగింది. "ఈ కడుపొక్కటి నాదనుకున్నాను. నా సొంతంగా. అందుకే ఎవరికీ చెప్పాలనిపించలేదు."

బైండరమ్మకు కోపం రాలేదు. తప్పు తనది కాదనీ అనిపించలేదు. అద్దె అన్న మాట మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. గ్లాసు బల్లమీద పెట్టి, మంచం పట్టీమీద చెయ్యి ఆనించి కూర్చుంది. కాసేపటికి కోడలే ఆ గ్లాసు అందుకుని తాగింది.

మూడు రోజులూ గడిచాయి. పాదాల వాపు తగ్గలేదు. మూత్రం రానురాను తక్కువైంది. రక్తపరీక్షలో దిగాల్సిన కిడ్నీ అంకె దిగకపోగా కాస్త పైకే వెళ్ళింది.

డాక్టరమ్మ ఈసారి గదికి పిలవలేదు. తనే వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంకా బలమైన మందు ఉంది. అది ఇస్తే కిడ్నీ నిలబడే అవకాశం బాగానే ఉంది. మునుపటంత బాగా పనిచెయ్యకపోవచ్చు. కానీ ఆ మందుకు కడుపు తట్టుకోదు. ముందు అది తీసెయ్యాలి."

"మందు ఇవ్వకపోతే?" అంది కోడలు.

"కొద్ది రోజుల్లో కిడ్నీ పోతుంది. మళ్ళీ డయాలసిస్. ఈసారి దాదాపు రోజూ. దానిమీద కడుపు నిలబడ్డవాళ్ళు లేకపోలేదు. చాలా తక్కువ. మీ రక్తపోటు చూస్తే, ఇద్దర్నీ పోగొట్టుకుంటామేమోనని నా భయం."

"మళ్ళీ ఎప్పుడైనా..."

"కిడ్నీ ఏడాదో రెండేళ్ళో నిలకడగా ఉంటే, మందు మార్చి, అప్పుడు ఆలోచిద్దాం. మాట మాత్రం ఇవ్వలేను. నిర్ణయం మీదే. రేపు పొద్దుటికల్లా చెప్పండి. అంతకు మించి ఆగలేం."

ఆవిడ వెళ్ళాక కొడుకు తల్లిని వరండాలోకి లాక్కొచ్చాడు. మూడు రోజుల గడ్డం, నిద్రలేని కళ్ళు. భార్య ఇప్పటిదాకా అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. తెచ్చిన పళ్ళు ముట్టలేదు.

"నువ్వు చెప్పమ్మా. నువ్వు చెప్తే కాదనదు."

"ఏమని చెప్పను?"

"నీ కిడ్నీ అమ్మా. నీకు హక్కుంది."

"ఆ మాట ఇంకొక్కసారి అన్నావంటే లాగి కొడతాను," అంది బైండరమ్మ. గట్టిగా అనలేదు. కానీ అతను వెనక్కి అడుగేశాడు.

ఏమీ చెప్పకూడదని గట్టిగా అనుకుని ఆవిడ లోపలికి వెళ్ళింది. తామందరూ కలిసి ఆ పిల్లకు ఊపిరాడకుండా చేశారు. ఇప్పుడైనా దాని మనసు దానికి వదిలెయ్యాలి. అడిగితే, నువ్వేం చేసినా సరేనని చెప్పాలి. అంతే.

కిటికీలోంచి సాయంత్రపు ఎండ మంచం మీద పడుతోంది. కోడలు దిండుకు ఆనుకుని కూర్చుంది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి.

"తలుపు వెయ్యండి అత్తయ్యా."

వేసింది.

"మీరు చెప్పండి."

"నేను చెప్పను. చెప్పకూడదనుకునే వచ్చాను. నువ్వు ఎటన్నా నాకు సమ్మతమే."

"సమ్మతం కాదు నాక్కావాల్సింది." కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. చేతి వేళ్ళు కూడా వాచి ఉన్నాయి. "ఏం చెయ్యాలో నాకు తెలుసు. డాక్టరుగారు చెప్పకముందే తెలుసు. నాకు బతకాలనుంది అత్తయ్యా. ఇంత జరిగినా బతకాలనే ఉంది. అదే అసహ్యంగా ఉంది నాకు."

"అసహ్యమేంటమ్మా?"

"నేను వాడి గుండె చప్పుడు విన్నాను. విన్నాక ఈ నోటితో వద్దని ఎలా అనను? ఒకసారంటే జన్మంతా అన్నదాన్నే కదా." ఊపిరి అందక ఆగి మళ్ళీ అంది. "తీయించుకోమని మీరనండి. మీకోసం ఒప్పుకున్నానని ఉండాలి. మీరు బలవంతం చేశారని ఉండాలి. అలా అయితే చెయ్యగలను."

బైండరమ్మ పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

ఆపరేషనుకు ముందు ఒకరోజు ఆవిణ్ణి ఒంటరిగా ఓ గదిలోకి పిలిచి అడిగారు. ఎవరైనా బలవంతపెడుతున్నారా, భయపెడుతున్నారా, ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, మీ రక్తం కలవలేదని ఇంట్లోవాళ్ళకు మేమే చెప్తాం అన్నారు. ఆవిడ నవ్వేసింది. ఒంట్లోంచి ఒకటి తీసి ఇవ్వడం అప్పుడంత కష్టమనిపించలేదు. కోస్తారు, కుడతారు, మానుతుంది. ఇప్పుడు ఈ పిల్ల అడుగుతున్నది మానేది కాదు.

"బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించే అడుగుతున్నాను."

"నన్ను తిట్టుకుంటావు."

"తిట్టుకుంటాను," అంది కోడలు. "అందుకే అడుగుతున్నాను."

బైండరమ్మ లేచి నిలబడింది. కూర్చుని అనగలిగే మాట కాదనిపించింది.

"అయితే విను. నేనిచ్చింది ఇలా పాడు చెయ్యడానికి వీల్లేదు. నాకు నువ్వు కావాలి. కడుపు తీయించుకో. ఇది నా మాట. కాదంటే ఒప్పుకోను."

నోట్లోంచి వచ్చిన గొంతు తనది కానట్టుంది. మంచం పట్టీ పట్టుకుంది.

కోడలు తల ఊపింది. చిన్నపిల్ల దెబ్బతిన్నాక ఊపినట్టు ఊపింది. అప్పుడు ఏడ్చింది, ఇన్ని రోజులకు. బైండరమ్మ దగ్గరికి తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు."

"సరే."

"నర్సుతో సరేనన్నానని చెప్పండి." కళ్ళు తుడుచుకుని తలుపు వైపు చూసింది. "ఆయన్ని రమ్మనండి."

"పంపుతాను."

బైండరమ్మ తలుపు దాకా వెళ్ళింది.

"అత్తయ్యా."

వెనక్కి తిరిగింది.

"రేపట్నించి మీరు రావద్దు. మా అమ్మ ఉంటుంది." కోడలు ఆవిడవైపు చూడకుండానే అంది. "ఎన్నాళ్ళో తెలీదు. మిమ్మల్ని చూడలేను."

"అలాగేనమ్మా."

బయట కొడుకు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల్లి మొహం చూసి ఎదురొచ్చాడు.

"ఏమందీ?"

"ఒప్పుకుంది. నిన్ను పిలుస్తోంది."

"నన్నా?"

"వెళ్ళు. ఏమన్నా పడు. ఎదురు చెప్పకు."

అతను లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. లోపలినుంచి అతని ఏడుపు వినబడింది. దాని వెనకే కోడలి గొంతు, తక్కువగా, ఏదో చెబుతూ.

బైండరమ్మ నర్సుకు చెప్పాల్సింది చెప్పి బెంచీ మీద కూలబడింది. వియ్యపురాలు ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మూసిన తలుపును, బైండరమ్మను మార్చి మార్చి చూసింది.

"మాట్లాడుకుంటున్నారా ఇద్దరూ? పోన్లెండి, అంతవరకు నయం." టీ కప్పులో పోసి ఆవిడ చేతికిచ్చి, బెంచీ అంచున ఒదిగి కూర్చుంది. "ఒప్పుకుందని ఇప్పుడే నర్సు చెప్పింది. రేపు దాన్ని లోపలికి తీసుకెళ్ళేటప్పుడు మీరు పక్కనుండాలి వదినా. మీరుంటే దానికి ధైర్యం. పొద్దున్నే వచ్చేస్తారుగా?"

టీ కప్పు బైండరమ్మ చేతిలో ఆవిరి కక్కుతోంది. తలుపు వెనక మాటలు ఆగిపోయాయి. వియ్యపురాలు జవాబుకోసం ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చుంది.